మిక్సీకి పది, ఇంటికి వెయ్యి

ఆ ఇంట్లో మిక్సీ వేయడమంటే మాటలు కాదు. ముందు అమ్మ వంటగదిలోంచి గొంతెత్తి, "మిక్సీ వేస్తున్నానమ్మా, లెక్కపెట్టుకో" అనాలి. పాప ఎక్కడున్నా సరే చేతిలో పని ఆపి, ఒకటి నుంచి పది దాకా పైకి లెక్కపెట్టి, చెవులకు నీలం రంగు మూతలు తగిలించుకుని "ఊఁ" అనాలి. ఆ "ఊఁ" వినబడ్డాకే మీట నొక్కాలి. తొమ్మిది దగ్గర తొందరపడి నొక్కారో, ఆ పూటకి ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. ఇది చూసిన చుట్టాలు పక్కకి తిరిగి నవ్వుకునేవారు. నవ్వుకోనీ, వాళ్ల సొమ్మేం పోయింది!

పాప అంటే ఉయ్యాల్లో పాప అనుకునేరు. ఇరవై ఏడేళ్ల మనిషి, ఉద్యోగస్తురాలు. బస్టాండులో పోగొట్టుకున్న వస్తువుల గది ఆమె రాజ్యం. జనం బస్సుల్లో మర్చిపోయిన గొడుగులు, నీళ్ల సీసాలు, ఒంటి చెప్పులు, ఒకసారైతే నవ్వుతున్నట్టే ఉన్న కట్టుడు పళ్లు, అన్నీ అక్కడికే చేరతాయి. ప్రతిదానికీ పాప ఒక చీటీ కడుతుంది: ఏమిటి, ఎక్కడ దొరికింది, ఎన్నింటికి, ఎవరు తెచ్చారు. ఆ చీటీ తీసేసి అడిగినా చెప్పగలదు. ఆటిజం అని డాక్టరమ్మ చెప్పినప్పుడు పాపకి ఐదేళ్లు. అప్పటినుంచి ఇంట్లో పనులు పంచేసుకున్నారు. కొత్త బట్టల మెడ వెనక కుట్టిన గుడ్డముక్క కత్తిరించడం నాన్న పని. పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా వడ్డించడం అమ్మ పని. గది తలుపు మూడుసార్లు కొట్టి లోపలికి రావడం అందరి పని.

నాన్నని లోకమంతా మేస్త్రి అంటుంది. ఇళ్లు కట్టే మేస్త్రి కాదు, నాటకాలకి సెట్టింగులు వేసే మేస్త్రి. ముప్పై ఏళ్లు నాటకాల కంపెనీతో తిరిగి, మోకాళ్లు అరిగాక ఒక హాలులో స్థిరపడ్డాడు. ఇరవై నిమిషాల్లో రాజమహలు లేపేవాడు, పది నిమిషాల్లో దాన్ని అడవి చేసేవాడు. సింహాసనం నాలుగు కాళ్లు ఎక్కడ దిగాలో నేలమీద తెల్ల టేపుతో గుర్తులు పెట్టేవాడు. ఏ ఊళ్లో వేసినా ఆ సింహాసనం వెంట్రుకవాసి కూడా జరిగేది కాదు. అదీ ఆయన గర్వం. ఆ గర్వమే ఆయన కొంప ముంచింది. నిజంగా కొంపే.

ఒకరోజు ఇంటి యజమాని వచ్చి, భవనం పడగొట్టి కొత్తది కడుతున్నాను, నెల రోజుల్లో ఖాళీ చేయండి అన్నాడు. పాప ఆఫీసులో ఉంది కాబట్టి సరిపోయింది. మేస్త్రి గుండెల్లో మాత్రం రాయి పడింది.

ఎందుకంటే ఎనిమిదేళ్ల కిందట ఒకసారి ఇల్లు మారారు. మేస్త్రి అప్పుడు కంపెనీతో ఎక్కడో దూరాన ఉన్నాడు. పాప కాలేజీకి వెళ్లిన రోజు చూసుకుని అమ్మా, మామయ్యా కలిసి సామాను మార్చేశారు. సాయంత్రం మామయ్య వెంట కొత్త ఇంటికి వచ్చిన పిల్ల స్నానాలగదిలోకి వెళ్లి తలుపేసుకుంది. బయటికి వచ్చాక మాట మానేసింది. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, మూడు నెలలు. మేస్త్రి ఫోను చేస్తే అమ్మ రిసీవరు పాప చెవికి ఆనించేది. అటునుంచి ఊపిరి వినబడేది, అంతే. ఆ మూడు నెలలూ ఆయన కూతురి ఊపిరి విని ఫోను పెట్టేశాడు. చివరికి సెలవు పెట్టి ఇంటికొచ్చి గుమ్మంలో బూట్లు విప్పితే, "నాన్నా, నీ బూట్లు అక్కడ కాదు" అంది పాప. అదే మొదటి మాట. మేస్త్రి బూట్లు పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాడు.

కాబట్టి ఇప్పుడాయనకి పట్టుకున్న భయం ఇల్లు దొరకదని కాదు. ఇల్లు రెండు వీధుల అవతలే దొరికింది, గదులు కూడా దాదాపు అలాగే ఉన్నాయి. పాప గొంతు మళ్లీ పోతుందేమోనని భయం.

"ముందే చెబుదామండీ" అంది ఆయన భార్య. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే మనిషి, ఎదుటివాళ్లకి ఏది మసగ్గా ఉందో ఇట్టే పట్టేస్తుంది.

"చెబితే ఈ నెలంతా దానికి తిండీ నిద్రా ఉండవే. నా మాట విను. పొద్దున ఈ ఇంట్లోంచి ఆఫీసుకి వెళ్తుంది. సాయంత్రం ఆ ఇంటికొస్తుంది. అన్నీ ఇక్కడున్నట్టే, అంగుళం తేడా లేకుండా ఉంటాయి. తేడా లేకపోతే బాధేముంటుంది?"

"తేడా తెలియదా? ఒంటి చెప్పు చూసి ఏ బస్సులో, ఏ సీటు కింద దొరికిందో చెప్పే పిల్లకి?"

"పోయినసారి మీరిద్దరూ మూటలు కట్టి ఎక్కడ పడితే అక్కడ పారేశారు గనక అట్లా అయింది. అది సెట్టు తప్పు. ఈసారి సెట్టు నాది."

ఆ మాట అనకూడదు. అన్నాడు. ఆవిడ మొహం చిన్నబోయింది, ఆ తరవాత ఈ విషయంలో నోరు మెదపలేదు. మేస్త్రి దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టుకున్నాడు. మగవాళ్ల లెక్కలు ఇలాగే ఉంటాయి.

మర్నాటినుంచి కొలతలు మొదలు. బీరువాకీ గోడకీ ఎంత, కుర్చీకీ కిటికీకీ ఎంత, పాప మంచం తలవైపు ఎంత, కాళ్లవైపు ఎంత. నోటుపుస్తకం నిండిపోయింది. ఒకరోజు సోఫా వెనక దూరి టేపు లాగుతుంటే వెనకనుంచి గొంతు వినబడింది.

"నూట పన్నెండు."

మేస్త్రి ఉలిక్కిపడి సోఫాకి తల కొట్టుకున్నాడు.

"నిన్న కూడా నూట పన్నెండే" అంది పాప. "నిన్న కూడా కొలిచావు. ఎందుకు?"

"నాటకానికి తల్లీ. కొత్త నాటకం. అందులో ఒక ఇల్లుంటుంది."

"ఎవరెవరుంటారు?"

"అమ్మ, నాన్న, కూతురు."

"మామయ్య?"

"ఉంటాడు. వద్దన్నా వస్తాడుగా."

"కథేంటి?"

మేస్త్రి నీళ్లు నమిలాడు. "ఇంకా రాయలేదు."

"కథ తెలియకుండా సెట్టు వేయకూడదు. నువ్వే చెప్పావు" అని, పాప తన గదిలోకి వెళ్లిపోయింది.

అక్కడితో ఆగి ఆలోచించి ఉంటే ఈ కథే లేదు. మేస్త్రి ఆగే రకమా! హాలులో పనిచేసే నలుగురు కుర్రాళ్లని వెంటేసుకుని కొత్త ఇంటి మీద పడ్డాడు. వీధి తలుపు అటువైపు తెరుచుకుంటుంటే ఊడదీసి ఇటువైపు బిగించాడు. పాత ఇంట్లో పాప గది తలుపు కిర్రుమంటుంది, ఇక్కడిది అనదు. బందుల్లో నూనె తుడిచి, ఇసుక రాసి, కిర్రుమనేదాకా వదల్లేదు. పాత వంటింటి కుళాయి చుక్కలు కారుతుంది. ఇక్కడి కుళాయి లక్షణంగా ఉంది. దాన్ని విప్పి, లోపలి రబ్బరు కాస్త చెక్కి, గడియారం పట్టుకుని నిలబడి, నాలుగు క్షణాలకొక చుక్క రాలేట్టు చేశాడు.

"బాగున్న కుళాయిని పాడుచేసే మనిషిని నా జన్మలో చూళ్లేదు" అంది ఆవిడ, అన్నాళ్ల తరవాత నోరు విప్పి.

అన్నిటికంటే గొప్ప పని గోడమీద పగులు. పాత ఇంట్లో పాప మంచానికి ఎదురుగా గోడ పగిలి ఉంది. పైనుంచి వంకరగా దిగి, మధ్యలో రెండు పాయలవుతుంది. పాప రోజూ పడుకునే ముందు పది నిమిషాలు దానికేసే చూస్తుంది. అది లేకపోతే పిల్లకి నిద్రెలా పడుతుంది? మేస్త్రి పగులుకి ఫోటో తీసి, కాగితం మీద గీసి, తెల్లటి కొత్త గోడమీద నల్లరంగూ బూడిదరంగూ కలిపి సన్న కుంచెతో వేశాడు. రెండు అడుగులు వెనక్కి వేసి చూస్తే అచ్చం పగులే. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ముప్పై ఏళ్లలో వేసిన ఏ రాజమహలూ ఆయనకి అంత తృప్తి ఇవ్వలేదు.

ఇక మిగిలింది మామయ్య. ఆవిడ తమ్ముడు, సామాన్ల లారీ నడుపుతాడు. పేరేదైనా అందరికీ మైకే. గొంతు అలాంటిది. నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రోజు సాయంత్రం పాపని ఆఫీసునుంచి లారీలో తీసుకురావడం అతని వంతు.

"ఒరేయ్ మైకూ, దారిలో ఒక్క ముక్క మాట్లాడావో, చూసుకో."

"నేనా? నేనెందుకు మాట్లాడతాను బావా!" అన్నాడు, మూడు అంతస్తులకీ వినబడేట్టు.

ఆ రోజు రానే వచ్చింది. పాప ఎనిమిదిన్నరకి గుమ్మం దాటింది. ఎనిమిదీ ముప్పై రెండుకి కుర్రాళ్లు లోపలికి దూకారు. తెల్ల టేపు గుర్తుల మీద బీరువా దిగింది, సోఫా దిగింది, మంచం దిగింది. నాలుగింటికల్లా ఇల్లు సిద్ధం. మేస్త్రి కుర్రాళ్లని పంపేసి, చుక్కల కుళాయిని ఇంకోసారి చూసుకుని, చెమట తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. తెర లేవబోయే ముందు ఎప్పుడూ సింహాసనం కాళ్లు గుర్తుల మీదే ఉన్నాయో లేదో చూసుకునేవాడు. ఈసారి గుమ్మంలోంచే సోఫా కాళ్లు చూసుకున్నాడు.

దారిలో ఏం జరిగిందో తరవాత మైకే చెప్పాడు. పాప లారీ ఎక్కి, "ఎక్కడికి?" అందట. "ఇంటికి." "ఇల్లు అటు." "అవునమ్మా." "మనం ఇటు వెళ్తున్నాం." "అవునమ్మా." ఆ తరవాత మైకు దవడలు బిగించుకుని, ఆ మిగిలిన రెండు వీధుల దూరానికి జీవితంలో పడనంత కష్టం పడ్డాడు.

పాప మెట్లెక్కి వచ్చింది. తెరిచి ఉన్న తలుపునే మూడుసార్లు కొట్టి లోపలికి అడుగుపెట్టింది. ఎవరివైపూ చూడలేదు. హాలంతా చూసింది, సోఫాకీ గోడకీ మధ్య నిలబడి చూసింది. వంటగదిలో కుళాయి దగ్గర మూడు చుక్కలు పడేదాకా ఆగింది. తన గది తలుపు తోసింది, అది కిర్రుమంది. వెనకే మేస్త్రి, ఆయన వెనక ఆవిడ, ఆవిడ వెనక మైకు, ఊపిరి బిగబట్టి వరసగా నడిచారు.

పాప మంచం మీద కూర్చుని పగులు వైపు చూసింది. లేచి, దగ్గరికెళ్లి, గోటితో గీకింది. గోట్లోకి నల్లటి రంగు వచ్చింది.

"దీనికి లోతు లేదు" అంది.

పాప నల్లబడిన గోటిని మేస్త్రి ముందు పెట్టింది.

"ఇదేనా ఆ నాటకం?"

మేస్త్రి అడ్డంగా దొరికిపోయాడు. "తల్లీ, అది..." అనేలోపు పాప ఆయన పక్కనుంచి దాటి, హాలు దాటి, గుమ్మం దాటి బయట మెట్లమీద కూర్చుంది. మోకాళ్లు దగ్గరికి లాక్కుంది. పెదాలు బిగుసుకున్నాయి.

ఆ బిగుసుకోవడం చూశాక మేస్త్రికి కాళ్లకింద నేల కదిలిపోయింది. అమ్మ చెవి మూతలు తెచ్చి పాప పక్కన పెట్టి వెనక్కి వచ్చేసింది. మేస్త్రి రెండు మెట్లు కిందికి దిగి కూర్చున్నాడు. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. వెనక పాప ఊపిరి వినబడుతోంది. ఆ ఊపిరి ఆయనకి బాగా తెలుసు. మూడు నెలలు ఫోనులో విన్నది అదే. నా చేతులతో నేనే చేశాను, నా పిల్ల నోరు నేనే మూశాను అనుకున్నాడు. తనమీద తనకి పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

"నాన్నా."

మేస్త్రి మెట్టు మీదనుంచి పడబోయి కమ్మీ పట్టుకున్నాడు. "తల్లీ! చెప్పమ్మా!"

"మిక్సీకి చెబుతారు" అంది పాప, మెట్టు వైపే చూస్తూ. "కుక్కరుకి చెబుతారు. గోడకి మేకు కొట్టాలంటే చెబుతారు. మామయ్య వస్తుంటే చెబుతారు."

"నేనూ మిక్సీ ఒకటేనా?" అన్నాడు పైనుంచి మైకు. ఆవిడ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

"ఇల్లు మారుతుంటే ఎందుకు చెప్పలేదు?"

"భయపడతావని తల్లీ."

"భయపడతాను. మిక్సీకి కూడా భయపడతాను. అందుకే కదా చెప్పేది."

మేస్త్రి జేబులోని కొలతల పుస్తకాన్ని ఇంకా లోపలికి తోసేశాడు.

"ఏదో అవుతోందని నాకు తెలుసు. పద్దెనిమిది రోజులనుంచి తెలుసు. ఏమిటో తెలియలేదు. అది మిక్సీ కన్నా ఎక్కువ చప్పుడు." పాప చెవి మూతలు చేతిలోకి తీసుకుంది. "పోయినసారి కూడా చెప్పలేదు. కాలేజీనుంచి వస్తే తలుపుకి తాళం ఉంది. మీరు ఎక్కడున్నారో చీటీ కూడా లేదు."

"అప్పుడు సామాను ఎక్కడ పడితే అక్కడ ఉందని కాదూ నువ్వు..."

"సామాను సర్దుకోవచ్చు" అంది పాప.

మేస్త్రి మెల్లగా తలెత్తి భార్య వైపు చూశాడు. ఆవిడ గుమ్మానికి ఆనుకుని కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. "సెట్టు తప్పు కాదే" అన్నాడు. "నిన్ను అనవసరంగా అన్నాను. నువ్వు చేసిన తప్పే నేనూ చేశాను, కాకపోతే నేను టేపు పెట్టి కొలిచి చేశాను."

ఆవిడ ఏడుస్తూనే నవ్వేసింది.

"ఇప్పుడు చెప్పు" అంది పాప.

"ఇప్పుడా? మారిపోయాం కదమ్మా."

"చెప్పలేదు కదా. చెప్పు."

మేస్త్రి లేచాడు. అరిగిన మోకాళ్లు టకటకమన్నాయి. వెళ్లి గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకుని, రోజూ ఆవిడ వంటగదిలోంచి అనేట్టే అన్నాడు. "ఇల్లు మారుతున్నామమ్మా, లెక్కపెట్టుకో."

పాప ఆలోచించింది. "దీనికి పది చాలదు. వెయ్యి."

"వెయ్యా!" అన్నాడు మైకు.

"ఒకటి" అంది పాప. "రెండు. మూడు."

నలుగురూ మెట్లమీద కూర్చున్నారు. పైఅంతస్తు ఆయన సంచీ పట్టుకుని వచ్చి, సంగతేమిటో తెలియక, మునివేళ్ల మీద పక్కనుంచి ఎక్కిపోయాడు. కొత్త ఇరుగుపొరుగుతో అదీ తొలి పరిచయం. లెక్క నూరు దాటింది, రెండు వందలు, మూడు వందలు దాటింది. నాలుగు వందల పన్నెండు దగ్గర మైకు తుమ్మాడు. తుమ్మంటే మామూలు తుమ్మా, కింద కుక్క మొరిగింది.

పాప ఆగింది. అందరూ మైకు వైపు చూశారు.

"ఒకటి" అంది పాప.

మైకు లేచి దణ్ణం పెట్టి, కిందికి దిగి లారీలో అద్దాలెత్తుకుని కూర్చున్నాడు.

మేస్త్రి గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. కాళ్లు తిమ్మిరెక్కాయి, కడుపులో ఆకలి కరకరలాడుతోంది, లెక్క ఇంకా డెబ్బై దగ్గరే ఉంది. అయినా లేవబుద్ధి కాలేదు. ఎనిమిదేళ్ల కిందట మూడు నెలలు ఏ గొంతు కోసం ఫోను చెవికి అదుముకున్నాడో, ఆ గొంతు ఇప్పుడు ఒక్క అంకె తప్పకుండా, తల వెనకే వినబడుతోంది. రెండు వేలు అన్నా వినేవాడే.

"తొమ్మిది వందల తొంభై తొమ్మిది. వెయ్యి." పాప లేచి, బట్టలు దులుపుకుని, "ఊఁ" అంది. మూడుసార్లు తలుపు కొట్టి లోపలికి వెళ్లింది.

ఈసారి నేరుగా తన గదిలోకే. అక్కడినుంచి కేక. "నాన్నా, ఈ పగులు తీసెయ్."

మేస్త్రి పరుగెత్తాడు. "నీకిష్టమని కదమ్మా వేశాను? రోజూ దానికేసే చూస్తావు కదా!"

"ఎప్పుడు బాగుచేస్తావా అని చూశాను. ఎనిమిదేళ్లు."

పక్కగదిలోంచి ఆవిడ పకపకా నవ్వడం వినబడింది. "ఆ కుళాయి కూడా!" అని అరిచింది.

మేస్త్రి తెల్లరంగు డబ్బా తెచ్చి, మూతకింద స్క్రూడ్రైవరు దూర్చాడు. ఎత్తబోతూ ఆగాడు.

"రంగు డబ్బా తీస్తున్నానమ్మా. ఘాటు వాసనొస్తుంది. లెక్కపెట్టుకో."

"ఒకటి" అంది పాప.